పడమటి కొండల్లో వేటకు తోలు బూట్లా, సింథటిక్ బూట్లా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొలరాడో, వయోమింగ్, మోంటానా, ఐడహో, యూటా, నెవాడా, అరిజోనా. అమెరికాలోని ఈ పడమటి రాష్ట్రాల్లో ఎల్క్, మ్యూల్ డీర్ అనే పెద్ద జింకల వేటకు వెళ్లే తెలుగువారు ఇప్పటికీ తక్కువే. అయినా ప్రతి ఆగస్టులో నాకు ఫోను మోగుతూనే ఉంటుంది. తుపాకి గురించో, అనుమతి పత్రం గురించో మొదలైన మాట చివరికి బూట్ల దగ్గర ఆగుతుంది. చెప్పిందే చెప్పి విసిగి, అన్నీ ఒకచోట రాసిపెట్టాను. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కాబట్టి ఇందులోని ప్రతి మాటా అమెరికాలో, అక్కడి లైసెన్సుతో, అక్కడి సీజన్‌లో చేసే వేటకే వర్తిస్తుంది.

సూటిగా చెప్పండి: తోలా, సింథటికా?

అక్టోబరు, నవంబరు నెలల్లో రైఫిల్‌తో ఎల్క్ కోసం రాళ్ల కొండల్లోకి బరువు మోస్తూ వెళ్లేవారికి తోలు. సెప్టెంబరులో విల్లుతో, పొడి నేల మీద, తేలికైన సంచితో రోజంతా తిరిగేవారికి సింథటిక్. ఈ రెంటికీ మధ్యన ఉన్నవారి కోసమే మిగతాదంతా.

అయితే దుకాణంలో ముందు అడగవలసిన ప్రశ్న ఇది కాదు. కొండ ఎక్కడానికి దాదాపు ఏ బూటయినా పనికొస్తుంది. వేట ఫలించి, మాంసం వీపున వేసుకుని, చీకట్లో వాలు దిగుతున్నప్పుడు బూటు అసలు గుణం బయటపడుతుంది. నేను బూట్లను ఎప్పుడూ ఆ దిగుడును దృష్టిలో పెట్టుకునే చూస్తాను. తోలా కాదా అన్నది ఆ తరువాతి మాట.

నేను డాలస్‌లో ఉంటాను. టెక్సస్‌లో జింకల వేటకు వాడే బూట్లు సరిపోవా?

టెక్సస్‌లో వేట చాలావరకు కూర్చుని చేసేది. బండి దిగి కొద్ది దూరం నడిచి మంచె ఎక్కుతారు. మన జొన్నచేల మంచెలాంటిదే, కాకపోతే అక్కడ పిట్టల కోసం, ఇక్కడ జింక కోసం. ఆ వేటలో బూటుకు పెద్దగా పని ఉండదు.

పడమట నడకే వేట. జాతీయ అడవుల్లోనూ, బీఎల్‌ఎమ్ అనే సమాఖ్య భూ నిర్వహణ సంస్థ చూసే ప్రభుత్వ భూముల్లోనూ 8,000 నుంచి 11,000 అడుగుల ఎత్తున రోజుకు ఎనిమిది, పది మైళ్లు తిరగడం మామూలే. అందులో సగం బాట లేని చోటే. తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంటుంది, మధ్యాహ్నానికి చొక్కా విప్పాలనిపిస్తుంది, సాయంత్రానికి మంచు కురిసినా ఆశ్చర్యం లేదు. అన్నిటికన్నా పాదాలను పిండేది అడ్డవాలు నడక. కొండకు అడ్డంగా వెళ్తుంటే ఒక పాదం ఎప్పుడూ మెరకన, మరొకటి పల్లాన ఉంటుంది. గంటసేపు అలా నడిస్తే మెత్తని బూటులో చీలమండ పక్కకు ఒరిగిపోతుంది, మడమ లోపల జారుతుంది, బొబ్బ లేస్తుంది.

తోలు బూట్లన్నీ ఒకటేనా?

కాదు. తేడా ధరలో కనిపిస్తుంది, కారణం మాత్రం పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. జంతువు తోలు పైపొరను చెక్కకుండా వాడితే దాన్ని ఫుల్ గ్రెయిన్ అంటారు. నారలు అక్కడే దట్టంగా అల్లుకుని ఉంటాయి, బలమంతా అక్కడే. ఆ పైపొరను కాస్త గరుకుగా రుద్దితే నూబక్. చూడటానికి మెత్తగా, వెల్వెట్‌లా ఉన్నా బలానికి లోటు ఉండదు. పైపొర తీసేశాక మిగిలిన అడుగు పొరతో చేసేది స్ప్లిట్, దానికి నూగు తెస్తే స్వెడ్. ఇవి చవక, నీళ్లు త్వరగా పీలుస్తాయి, త్వరగా సాగుతాయి.

కొండ బూట్లలో తోలు సాధారణంగా రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మందంతో పాటు కుట్లు కూడా లెక్కపెట్టండి. తక్కువ ముక్కలతో కుట్టిన బూటుకు చిరిగే చోట్లు కూడా తక్కువే. చుట్టూ సోలు పైన రెండు అంగుళాల ఎత్తున రబ్బరు పట్టీ ఉంటే ఇంకా మంచిది, రాళ్ల ఒరిపిడిని తోలు బదులు అది భరిస్తుంది.

సింథటిక్ అంటే ప్లాస్టిక్ బూట్లా?

పేరు వినగానే బడికి వేసుకెళ్లిన రెక్సిన్ బూట్లు గుర్తొస్తాయి, నాకూ అంతే. ఇవి వేరు. గట్టి నైలాన్ బట్ట, వల అల్లిక, తోలును పోలిన మైక్రోఫైబర్, ముక్కు దగ్గరా మడమ దగ్గరా అచ్చుపోసిన ప్లాస్టిక్ కవచం. వీటిలో కొన్ని సైనికులు వాడేటంత గట్టివి.

ఇంకో సంగతి. దుకాణంలో సింథటిక్ అని అమ్మే బూట్లలో చాలావాటికి ముక్కు, మడమ స్వెడ్ తోలుతోనే ఉంటాయి. నైలాన్, తోలు కలిసే కుట్టు సరిగ్గా వేళ్లు వంగే చోట పడితే ఆ బూటు రెండు సీజన్లకు మించి బతకదు. కొనేముందు బూటును చేత్తో వంచి ఆ కుట్టు ఎక్కడుందో చూసుకోండి.

బరువు తేడా నిజంగా తెలుస్తుందా?

తెలుస్తుంది, మొదటి రోజే. తేలికైన సింథటిక్ జత కిలో నుంచి కిలోన్నర లోపు ఉంటుంది. గట్టి తోలు జత కిలోన్నర దాటి రెండు కిలోల దాకా వెళ్తుంది. పాదానికి ఉన్న ఒక పౌండు వీపున ఉన్న ఐదు పౌండ్లతో సమానమని కొండ నడకల వాళ్లు అంటారు. లెక్క అటూఇటూగా ఉన్నా మాట నిజమే, ఎందుకంటే ఆ బరువును ప్రతి అడుగులో పైకెత్తి ముందుకు విసరాలి. దానికి తోడు తోలు తడిస్తే నీళ్లు తాగి ఇంకాస్త బరువెక్కుతుంది.

అలాగని బరువు ఒక్కటే చూసి కొనకండి. తేలికైన బూటులో ఆ తేలిక ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. పైబట్ట పలచనై తేలికయితే ఫరవాలేదు. సోలు పలచనై తేలికయితే వద్దు.

సోలు గట్టిదనం గురించి అందరూ చెబుతారు. అదేమిటి?

దుకాణంలో అందరూ పైభాగం చూసి ముచ్చటపడతారు. మనిషిని నిలబెట్టేది మాత్రం అడుగుభాగం.

సోలుకు, పాదానికి మధ్య ఒక పట్టీ ఉంటుంది, నైలానుదో, స్టీలుదో, ఫైబర్‌దో. అది ఎంత గట్టిగా ఉంటే బూటు అంత తక్కువ వంగుతుంది. చదునైన బాట మీద వంగని బూటు శిక్ష. ఏటవాలున రాయి అంచు మీద బొటనవేలంత చోట కాలు మోపవలసి వస్తే వంగని బూటే రక్ష. సోలు వంగకపోతే పాదం మొత్తం ఒక బల్లలా బరువు మోస్తుంది. వంగితే ఆ పని పిక్క కండరం చేయాలి, నాలుగో గంటకు పిక్క పట్టేస్తుంది.

పరీక్ష తేలికే. ఒక చేత్తో ముక్కు, మరో చేత్తో మడమ పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టండి. సులువుగా మెలి తిరిగితే అది బాట మీద నడకకు చేసిన బూటు. బాగా కష్టపడితేగాని తిరగనిది కొండకు చేసినది. క్రిస్పీ అనే ఇటలీ కంపెనీ వంటివి ఈ గట్టిదనాన్ని అంకెల్లో చెబుతాయి కాబట్టి పోల్చుకోవడం సులువు. మొదటిసారి ఎల్క్ వేటకు వెళ్లేవారికి మధ్యస్థంగా గట్టిది చాలు. కొండమేకలు, అడవి గొర్రెలు తిరిగే శిఖరాలకు వెళ్లేవారికే బండగట్టిది కావాలి.

తోలు బూట్లు గట్టి సోలుతో, సింథటిక్ బూట్లు మెత్తని సోలుతో రావడం మామూలు కనుక రెంటికీ ఇంత తేడా ఉందని అనుకుంటాం. చాలాసార్లు ఆ తేడా సోలుదే. గట్టి సోలున్న సింథటిక్ బూటు మెత్తని సోలున్న తోలు బూటు కన్నా ఎన్నో రెట్లు నయం.

చాలా బూట్ల అడుగున కనిపించే పసుపు ఎనిమిది మూలల ముద్ర విబ్రమ్‌ది. 1935లో ఆల్ప్స్ పర్వతాల్లో జరిగిన ప్రమాదంలో విటాలే బ్రమానీ తన తోటి ఆరోహకులు ఆరుగురిని కోల్పోయాడు. మంచుకు తగని వాళ్ల పాదరక్షలు కూడా ఆ మరణాలకు ఒక కారణమని భావించి, రెండేళ్లకు పట్టుజారని రబ్బరు సోలు తయారు చేశాడు. కంపెనీ పేరు అతని పేరులోని అక్షరాల నుంచే వచ్చింది.

మాంసం మోయడం అంత కష్టమా? బూట్లకూ దానికీ ఏమిటి సంబంధం?

పెద్ద మగ ఎల్క్‌ను కోసి ఎముక తీసేశాక కూడా మాంసం సుమారు 200 పౌండ్లు ఉంటుంది. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం నేరం, నా దృష్టిలో పాపం కూడా. తలా 60 పౌండ్లు ఎత్తుకున్నా ఇద్దరికీ రెండేసి విడతలు పడతాయి. బండి మూడు మైళ్ల దూరంలో ఉందనుకోండి, లెక్క మీరే వేసుకోండి.

నా మొదటి సీజన్‌లో ఆ లెక్క వేసుకోలేదు. దుకాణంలో తేలిగ్గా, హాయిగా ఉందని మెత్తని సోలున్న సింథటిక్ జత కొన్నాను. నాలుగు రోజులు గాలిలో తేలినట్టే నడిచాను. ఐదో రోజు మిత్రుడికి ఎల్క్ దొరికింది. వెనుక తొడ ఒకటి వీపున కట్టుకుని రాళ్ల వాలు దిగడం మొదలుపెట్టాక ప్రతి అడుగులోనూ పాదం ముందుకు జారి వేళ్లు బూటు ముక్కుకు కొట్టుకున్నాయి. అడుగున ఉన్న ప్రతి రాయీ అరికాలికి తెలిసింది. బండి చేరేసరికి రాత్రి పదకొండు. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి, దీపావళి నాటికి ఊడిపోయాయి. మాంసం మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

బరువు వీపున పడగానే చీలమండ ఊగుతుంది, పాదం పరుచుకుంటుంది. మందపు తోలు నాలుగు వైపులా పట్టి ఉంచి ఈ రెంటినీ ఆపుతుంది. నైలాన్ కూడా పడుతుంది కానీ బరువు పెరిగే కొద్దీ సాగుతుంది. 40 పౌండ్ల లోపు అయితే పెద్ద తేడా నాకు తెలియలేదు. 60 దాటితే కళ్లు మూసుకుని చెప్పగలను ఏది తోలో.

రెంటిలోనూ గోర్‌టెక్స్ ఉంది. అప్పుడు నీళ్ల విషయంలో రెండూ సమానమే కదా?

కొత్తలో సమానమే. గోర్‌టెక్స్ అనేది పైభాగానికీ లోపలి అస్తరుకీ మధ్య ఉండే పలచని పొర. చెమట ఆవిరిని బయటికి పంపి నీటి బొట్టును ఆపుతుంది. రాబర్ట్ గోర్ 1969లో కనిపెట్టిన సాగదీసిన టెఫ్లాన్ పొరతో ఇది మొదలైంది. ఇప్పుడు పీఫాస్ అనే, టెఫ్లాన్ కూడా చేరే రసాయనాల కుటుంబం మీద ఆంక్షలు వచ్చి, కంపెనీలు వేరే రకం పొరకు మారుతున్నాయి.

తేడా పైభాగం తడిసినప్పుడు వస్తుంది. నైలాన్ పైబట్ట నీళ్లు పట్టేస్తే లోపలి చెమట బయటికి పోదు, పాదం తన చెమటలో తానే తడుస్తుంది. మైనం పట్టించిన తోలు అంత త్వరగా నీళ్లు పట్టదు. ఇక ఏ పొరయినా శాశ్వతం కాదు. లోపల చేరిన ఇసుక రేణువు, ఎండిన చెమట ఉప్పు, సాక్స్‌ను చీల్చిన గోరు దాన్ని మెల్లగా తొలిచేస్తాయి. పొర చిరిగినా మందపు తోలు కొంత కాపాడుతుంది, నైలాన్ కాపాడదు.

మరోవైపు, సెప్టెంబరులో అరిజోనా ఎండలో ఈ పొరే శత్రువు. అక్కడ వాన కన్నా చెమట ఎక్కువ. పొర లేని సింథటిక్ బూటు వేసుకుంటే వాగు దాటినా అరగంటలో ఆరిపోతుంది.

తడిసిన బూట్లను మంట దగ్గర పెట్టవచ్చా?

వద్దు. వేట శిబిరాల్లో నేను చూసిన బూట్ల చావుల్లో సగం ఇలాగే జరిగాయి. తడి తోలు వేడికి ముడుచుకుని, గట్టిపడి, పగులుతుంది. సింథటిక్ బూటుకు సోలు అంటించిన జిగురు కరుగుతుంది. చేతిని సుఖంగా ఉంచలేని వేడి బూటుకూ వద్దు.

లోపలి అట్ట బయటికి తీయండి. పాత వార్తాపత్రిక ఉండలు చేసి కుక్కి, గంట తరువాత మార్చండి. తెలుగు పేపరు దొరకదు కాబట్టి నేను ఉచిత ప్రకటనల పేపర్లు కారులో పెట్టుకుంటాను. గుడారంలో ఉంటే వేడినీళ్ల సీసా మూత గట్టిగా బిగించి బూటులో దూర్చండి. రాత్రి గడ్డకట్టే చలి ఉంటే బూట్లను సంచిలో చుట్టి పడకసంచిలో కాళ్ల దగ్గర పెట్టుకోండి. తడి తోలు రాత్రికి రాత్రే కొయ్యలా గడ్డకడుతుంది, పొద్దున్నే అందులో కాలు దూర్చడం ఒక వ్యాయామం. ఆరే వేగంలో మాత్రం సింథటిక్‌దే గెలుపు. తోలుకు రెండు రోజులు పట్టే చోట అది ఒక రాత్రిలో ఆరుతుంది.

ముళ్లు, రాళ్ల సంగతి?

అరిజోనా, నెవాడా ఎడారుల్లో నాగజెముడు, దాని దాయాదులు కాచుకుని ఉంటాయి. వల అల్లికలోంచి ముల్లు సూదిలా దిగుతుంది. మందపు తోలు చాలావాటిని ఆపుతుంది. పట్టకారు మాత్రం ఎప్పుడూ జేబులో ఉండాలి. రాళ్ల విషయంలో ఐడహో లావా రాయి ఆకురాయికి తాత. అక్కడ నైలాన్ బూటు ఒక్క సీజన్‌లోనే చిరిగిన వాళ్లను చూశాను.

చలికి లోపల దూది ఉన్నవి తీసుకోవాలా?

పెట్టె మీద 200, 400, 800 గ్రాములని రాసి ఉంటుంది. అది చదరపు మీటరుకు వాడిన వేడిపొర బరువు, బూటులో ఉన్న మొత్తం కాదు. నడిచే వేటకు పొర లేనిదో, 200దో చాలు. నడకలో పాదం ఎలాగూ వేడెక్కుతుంది, ఎక్కువ పొర ఉంటే చెమట పడుతుంది, ఆగగానే ఆ చెమటే చల్లబడి వేళ్లు కొరుకుతుంది. నవంబరు చివర మోంటానాలో గుట్టమీద కూర్చుని గంటల తరబడి దుర్భిణి చూసేవారికి 400 న్యాయం.

బూటు కన్నా సాక్స్ ముఖ్యం. మెరీనో ఉన్నివి మూడు జతలు కొనండి. నూలు సాక్స్ ఇంట్లోనే వదిలేయండి. బిగుతుగా ఉంటే వెచ్చగా ఉంటుందని రెండు జతలు తొడగడం పెద్ద పొరపాటు, రక్తం ఆడని పాదం ఎంత ఉన్ని చుట్టినా చల్లగానే ఉంటుంది.

చప్పుడు విషయంలో ఏది మంచిది?

విల్లుతో వేటాడేవారికి ఇది ప్రాణం. ఎల్క్‌కు ముప్పై, నలభై గజాల దాకా చేరాలి. మెత్తని సోలున్న తేలిక బూటులో అరికాలి కింద ఎండుపుల్ల తగలగానే తెలుస్తుంది, విరగకముందే కాలు తీసేయవచ్చు. గట్టి తోలు బూటు కింద పుల్ల విరిగాకే తెలుస్తుంది. కాని పైభాగం పొదలకు రాసుకున్నప్పుడు తోలు మౌనంగా ఉంటుంది, నైలాన్ సరసరమంటుంది. ఆఖరి గజాల్లో బూట్లు విప్పి సాక్స్‌తో పాకే వాళ్లూ ఉన్నారు. నాగజెముడు లేని చోట మాత్రమే ఆ పని చేయండి.

కొత్త తోలు బూట్లు కిర్రుమనడం కూడా ఉంది. కిర్రుచెప్పులు వేసుకుని ఊళ్లో దర్జాగా నడిచిన కాలం వేరు, ఇక్కడ ఆ దర్జా పనికిరాదు. లోపలి అట్ట కింద కొంచెం పౌడరు చల్లితే చాలాసార్లు ఆ శబ్దం ఆగుతుంది.

అలవాటు కావడానికి ఎన్ని రోజులు పడుతుంది?

సింథటిక్‌కు వారం, పది రోజులు. మందపు తోలుకు కనీసం ఆరు వారాలు. మొదట ఇంట్లో గంట, తరువాత వీధిలో, తరువాత మెట్లు, చివరికి వీపున ఇరవై, ముప్పై పౌండ్ల బియ్యం సంచితో గుట్టలు. అపార్టుమెంటు మెట్ల మీద అర్ధరాత్రి బియ్యం సంచితో ఎక్కుతుంటే పక్కింటివారు చూసే చూపులకు సిద్ధపడండి. తడిపి వేసుకుంటే త్వరగా అలవాటవుతుందనే చిట్కా ఇప్పటి బూట్లకు వద్దు. సీజన్ వచ్చే వారం అయితే తోలు కొనకండి, సింథటిక్‌తో వెళ్లండి.

కొలత ఎలా చూడాలి? ఆన్‌లైన్‌లో తెప్పించవచ్చా?

తిప్పి పంపే వీలుంటే తెప్పించవచ్చు. పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రమే, వేటకు వేసుకునే సాక్స్‌తోనే తొడిగి చూడండి. లేసు కట్టకముందు వేళ్లను ముక్కుకు ఆనించి నిలబడితే మడమ వెనక ఒక వేలు పట్టాలి. లేసు బిగించి మెట్ల మీద ముక్కు కిందికి వాలేలా నిలబడి గట్టిగా రెండుసార్లు కాలు తాటించండి. వేళ్లు ముక్కుకు తగిలితే ఆ బూటును వెనక్కి పంపేయండి, ఎంత నచ్చినా సరే.

చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిన నా పాదం ముందువైపు చాటలా పరుచుకుంది. మీదీ అలాంటిదే అయితే వెడల్పు రకం దొరికే కంపెనీలను ముందు చూడండి. ఇటలీ మూసలు సన్నగా ఉంటాయన్నది నా అనుభవం. మోంటానాలోని బోజ్‌మన్‌లో ఉన్న కెనెట్రెక్, ష్నీస్, పోర్ట్‌లండ్‌లోని డానర్, జర్మనీ కంపెనీలు లోవా, హాన్వాగ్‌లలో వెడల్పు మోడళ్లు వెతకండి. ఏ పేరు గొప్పది అని అడగకండి. మీ పాదం మూసకు సరిపోయినదే గొప్పది. సరిపోని తోలు బూటు చెప్పులో రాయి లాంటిదే, కాకపోతే ఇది విదిలించినా పోదు.

తోలుకు ఏమి రాయాలి? ఆముదం రాయవచ్చా?

మా తాతగారు చెప్పులకు ఆముదం రాసేవారు, ఆ చెప్పులు ఆయన కాళ్లకు సరిగ్గా సరిపోయేవి. కొండ బూటుకు మాత్రం నూనెలు వద్దు. మరీ మెత్తబరిచి, గట్టిగా నిలబడవలసిన తోలును సాగేలా చేస్తాయి. తేనెమైనంతో చేసిన లేపనమో, కంపెనీ చెప్పిన ద్రవమో వాడండి. ముందు బురద కడిగి, కుట్ల దగ్గర పాత బ్రష్షుతో రుద్ది, తడి పూర్తిగా ఆరాక పలచగా పట్టించండి. సీజన్‌కు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, అయిపోయాక ఒకసారి. నూబక్‌కు మైనం రాస్తే రంగు ముదురుతుంది, ఆ వెల్వెట్ అందం పోతుంది. పోనివ్వండి.

సింథటిక్‌కు ఈ సేవ అక్కర్లేదనుకోవద్దు. కడగాలి, నీరు జారేలా చేసే స్ప్రే కొట్టాలి. పీఫాస్ లేని కొత్త పూతలు పాతవాటికన్నా త్వరగా అరుగుతాయి కాబట్టి మరింత తరచుగా కొట్టాలి.

ధర ఎంత? ఏది ఎక్కువ కాలం వస్తుంది?

మంచి సింథటిక్ జత 180 నుంచి 300 డాలర్లు. మంచి తోలు జత 400 నుంచి 600. మూడు వందల తేడా చూసి గుండె గుభేలుమంటుంది. కానీ చాలా తోలు బూట్లకు అరిగిన సోలు తీసి కొత్తది వేయించవచ్చు, తోలు బాగుంటే రెండు, మూడుసార్లు కూడా. జిగురుతో అంటించిన సింథటిక్ బూట్లలో ఎక్కువభాగానికి ఆ అవకాశం లేదు. ఏటా రెండు వారాలు వేటాడేవారికి తోలు జత పదేళ్లు వచ్చినా వింత కాదు.

ఏటా నాలుగు రోజులే వెళ్తానంటే ఈ లెక్కంతా తారుమారు. అప్పుడు సింథటిక్ కొని మిగిలిన డబ్బు సాక్స్‌కు, పెట్రోలుకు పెట్టండి.

నాకు ఆవు తోలు వేసుకోవడం ఇష్టం లేదు. తప్పనిసరా?

తప్పనిసరి కాదు. కొండ బూట్లలో తోలు దాదాపు అంతా పశువులదే, సందేహం వద్దు. ఎల్క్‌ను వేటాడుతూ ఆవు తోలు వద్దనడం ఏమిటని మిత్రులు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఎవరి గీత వారికి ఉంటుంది. గట్టి సోలున్న పూర్తి మైక్రోఫైబర్ బూట్లు తక్కువే గానీ ఉన్నాయి. జంతు పదార్థం లేనిది అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే సింథటిక్ అని ఉన్నవాటిలోనూ స్వెడ్ ముక్కలుంటాయని పైన చెప్పాను.

తోలు బూటు ఉంటే పాము కాటు నుంచి రక్షణ ఉంటుందా?

లెక్కలోకి తీసుకోవద్దు. పాముల కోసం ప్రత్యేకంగా చేసిన, మోకాలి దాకా ఉండే బూట్లు వేరు. సెప్టెంబరు వెచ్చదనంలో గిలక పాములు తిరుగుతాయి. రాళ్ల మధ్య చేయి, కాలు పెట్టేముందు చూసుకోండి.

పరుగు బూట్లతో వెళ్లేవారిని చూశాను. అవి చాలవా?

అలవాటున్న పాదానికి, పొడి నేల మీద, చిన్న సంచితో చాలు. మా వాళ్లలో ఒకరు ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు వేటకు వయోమింగ్ మైదానాల్లో పరుగు బూట్లతోనే తిరుగుతారు, ఏ ఇబ్బందీ లేదు. అదే మనిషి కొలరాడోలోని సాన్ హువాన్ పర్వతాలకు వచ్చినప్పుడు తోలు బూట్లు తొడుక్కుంటారు.

హెచ్-1బి వీసా మీద ఉన్నవారు వేటాడవచ్చా?

బూట్ల ప్రశ్న కాదు గానీ ప్రతి ఒక్కరూ అడుగుతారు. వలసేతర వీసా ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది, అయితే ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సుకు ముందు శిక్షణ కావాలి. ఉదాహరణకు కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట శిక్షణ కార్డు చూపాలి. ఇంతకు మించి తెలుసుకోవాలంటే బూట్ల మనిషిని కాక లాయరును అడగండి.

ఒకే జత కొనగలను. అన్నిటికీ ఏది?

ఎనిమిది నుంచి పది అంగుళాల ఎత్తు, వేడిపొర లేని ఫుల్ గ్రెయిన్ లేదా నూబక్ తోలు, మధ్యస్థంగా గట్టి సోలు, చుట్టూ రబ్బరు పట్టీ, లోపల గోర్‌టెక్స్. సెప్టెంబరులో కాస్త వేడిగా ఉంటుంది, భరించవచ్చు. నవంబరులో కాస్త చల్లగా ఉంటుంది, మందపు సాక్స్‌తో, బూటు మీదుగా పిక్కకు చుట్టే గెయిటర్లు కట్టుకుని సర్దుకోవచ్చు. వేడి రాష్ట్రాలకే వెళ్తానంటే ఇది తిరగేసి గట్టి సోలున్న, గోర్‌టెక్స్ పొర లేని సింథటిక్ తీసుకోండి.

విమానంలో ఎలా తీసుకెళ్లాలి?

కాళ్లకు వేసుకుని వెళ్లండి. సంచి దారి తప్పితే చొక్కా, జాకెట్ డెన్వర్‌లో కొనుక్కోవచ్చు, ఆరు వారాలు అలవాటు చేసిన బూట్లు కొనలేరు. భద్రతా తనిఖీలో విప్పమంటే ఆ లేసులు విప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది, వెనక ఉన్నవారికి ముందే క్షమాపణ చెప్పుకోండి.

సీజన్ అయిపోయాక ఎక్కడ ఉంచాలి?

కారు డిక్కీలోనూ, ఎండకు కాలే గరాజులోనూ వద్దు. గాలి ఆడే అలమారలో, లోపల కాగితం కుక్కి, పెట్టెలో బంధించకుండా ఉంచండి. తోలు బూటు ఎంత బాగున్నా అడుగున ఉన్న పాలీయురథేన్ పొర గాలిలోని తేమకు ఏళ్ల తరబడి మెల్లగా విరుగుతుంది. వాడకుండా దాచినవే ఇంకా త్వరగా పోతాయి. పైకి ఏమీ కనిపించదు, ఒకరోజు నడుస్తుండగా సోలు బిస్కెట్టులా పొడిపొడి అవుతుంది. ఈ జబ్బుకు తోలు, సింథటిక్ తేడా లేదు.

అందుకే జూన్‌లో ఒక ఆదివారం బూట్లు బయటికి తీసి, రెండు చేతులతో వంచి చూసి, వాటితో కూరగాయల బజారు దాకా నడిచి రండి. సోలు ఊడే యోగం ఉంటే అక్కడే ఊడనివ్వండి. ఇల్లు పక్కనే ఉంటుంది, అక్టోబరుకు ఇంకా నాలుగు నెలలుంటాయి.